పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే: ఏది ఎవరికి, ఏది తుక్కుకి, ఏది భోగి మంటకి

నమస్తే అండి. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ అత్తగారు, మామగారు రాజమండ్రిలో ఇల్లు ఖాళీ చేసి హైదరాబాద్‌లో మీ దగ్గరికి వచ్చేస్తున్నారు. సంక్రాంతి కాగానే ఇల్లు అప్పగించాలి. రెండు బీరువాల బట్టలు, అటక నిండా ఇత్తడి, సత్తు గిన్నెలు, పాత ఫ్రిజ్, డబ్బా టీవీ, ఇన్వర్టర్ బ్యాటరీ, కుట్టుమిషన్, పట్టె మంచాలు, పుస్తకాలు, లెక్కలేనన్ని ప్లాస్టిక్ డబ్బాలు ఉన్నాయి. ఏదీ చెత్తకుప్పకి పోకూడదని మీ కోరిక. సీసాలతో పూలకుండీలు చేసే వీడియోలు చూసి ఒక సంచి నిండా సీసాలు కూడా దాచారు. మామగారేమో మిగిలిందంతా భోగి మంటలో వేసేద్దాం అంటున్నారు.

మా నాన్నగారికి తాడేపల్లిగూడెంలో పాత సామాన్ల కొట్టు ఉండేది. స్కూలు నుంచి రాగానే కాగితాలు ఒకవైపు, అట్టలు ఒకవైపు, బీడు (పోత ఇనుము) ఒకవైపు వేరు చేయడం నా పని. ఇప్పుడు హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ పొడి చెత్త గది నేనే చూసుకుంటున్నాను. తెలిసినవాళ్లు ఇల్లు ఖాళీ చేస్తుంటే సాయానికి వెళ్తుంటాను. ఆ అనుభవంతో చెప్తున్నాను.

నేను నమ్మేది ఒకటే. వస్తువును వీలైనంత కాలం దాని సొంత పనిలోనే ఉంచాలి. కుర్చీ ఇంకొకరింట్లో కుర్చీగానే ఉండాలి, గిన్నెలో ఇంకొకరు వండుకోవాలి. అది కుదరకపోతే బాగు చేయించాలి. బాగు కాకపోతే విడగొట్టి, ఏ లోహం ఆ లోహంగా, ఏ గుడ్డ ఆ గుడ్డగా తుక్కుకి ఇవ్వాలి. వస్తువును అలంకరణగా మార్చడం అన్నిటికంటే ఆఖరున రావాలి. ఇప్పుడు అందరూ దాన్నే మొదట చేస్తున్నారు.

మీ సీసాల సంగతి చూడండి. ఖాళీ నీళ్ల సీసా, కూల్‌డ్రింక్ సీసా పెట్ ప్లాస్టిక్. అడుగున త్రికోణంలో 1 అని ఉంటుంది. మన దేశంలో తిరిగి కొనే ప్లాస్టిక్‌లలో దీనికి మంచి గిరాకీ ఉంది. ఏ పాత సామాన్ల కొట్టులోనైనా తీసుకుంటారు, ముక్కలై, కరిగి, ఎక్కువగా పాలిస్టర్ దారం అవుతుంది. అదే సీసాకి మీరు రంగు వేసి, జిగురుతో లేసు అంటించి, అద్దాలు పెట్టారనుకోండి, ఇక దాన్ని ఎవరూ తీసుకోరు. ఎండలో పెట్టిన పెట్ సీసా కొన్నాళ్లకి పెళుసెక్కి పగులుతుంది. అప్పుడు రంగుతో, జిగురుతో, మట్టితో సహా నేరుగా డంపింగ్ యార్డుకే పోతుంది. మంచి మనసుతో చేసిన పనే, కానీ అమ్ముడుపోయే వస్తువు అమ్ముడుపోని చెత్త అయింది. మొక్కలు పెంచాలనుంటే పగిలిన బకెట్లు, కారే టబ్బులు అటక మీద ఎలాగూ ఉంటాయి, వాటి అడుగున చిల్లులు పెట్టి వాడుకోండి. సీసాలు మాత్రం మూత తీసి, నలిపి, తూకానికి వేసేయండి.

బట్టల దగ్గర ఎక్కువ సమయం పెట్టమంటాను. ఇంట్లో ఎక్కువ పరిమాణం వాటిదే, ఎక్కువ పొరపాట్లు జరిగేది కూడా అక్కడే. మూటలు కట్టి అనాథాశ్రమం గేటు దగ్గర దింపి రావడం చాలామందికి అలవాటు. ఆ మూటలు విప్పి చూస్తే హుక్కులు ఊడిన జాకెట్లు, సాగిపోయిన బనియన్లు, జత లేని సాక్సులు, అత్తరు మరకల పెళ్లి షేర్వాణీలు కనిపిస్తాయి. పిల్లలకి పనికొచ్చేవి అందులో చాలా తక్కువ. మిగిలింది వదిలించుకునే ఖర్చు, శ్రమ ఆ ఆశ్రమానివి. 2004 సునామీ తర్వాత తమిళనాడులో ఇలాగే దానంగా వచ్చి ఎవరూ ముట్టని బట్టలు గుట్టలు పడ్డాయి. 1999లో అన్షు గుప్తా మొదలుపెట్టిన గూంజ్ సంస్థ వాటిని తీసుకుని, వేరు చేసి, పనికొచ్చేలా చేసింది. పాత నూలు బట్టను ఉతికి, కత్తిరించి ఆడవాళ్లకి నెలసరి ప్యాడ్‌లు తయారు చేయడం కూడా ఆ సంస్థ చేసే పనుల్లో ఒకటి. అన్షు గుప్తాకి 2015లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. గూంజ్ హైదరాబాద్‌లోనూ పనిచేస్తోంది. ఇవ్వదలిస్తే ముందు వాళ్లు ఏం తీసుకుంటున్నారో అడిగి, ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి ఇవ్వండి. చీరకి జాకెట్టు జత కలిపి సేఫ్టీ పిన్ను పెట్టండి, లంగాకి బొందు ఎక్కించండి. విడివిడిగా పడేస్తే చీర ఒకరికి, జాకెట్టు ఇంకొకరికి పోయి రెండూ మూల పడతాయి.

ఇంకో దారి ఉంది, చదువుకున్నవాళ్లు దాన్ని తక్కువగా చూస్తారు. వీధుల్లో స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ బకెట్లు తెచ్చి పాత బట్టలకి మార్పిడి ఇచ్చే ఆడవాళ్లు మీ వీధికీ వస్తూనే ఉంటారు. వాళ్లకి బట్ట పట్టుకోగానే తెలిసిపోతుంది, ఇది సంతలో పోతుందా పోదా అని. చిరుగులు కుట్టి, ఉతికి, ఇస్త్రీ చేసి అమ్ముతారు. కొన్నవాళ్లు తమకి నచ్చి, తమ కొలతకి సరిపోయింది ఎంచుకుని కొనుక్కుంటారు. ఉచితంగా పడేసిన మూట కంటే డబ్బిచ్చి ఎంచుకున్న చీర ఎక్కువ కాలం కట్టుబడుతుంది. వాళ్ల దగ్గర బేరం గట్టిగా ఆడకండి, వాళ్ల కష్టం మనకి కనిపించే దానికంటే ఎక్కువ.

అత్తగారి మెత్తటి నూలు చీరలు మాత్రం ఎవరికీ ఇవ్వకముందు ఒకసారి ఆగండి. చుట్టాల్లో ఎవరైనా కడుపుతో ఉంటే పొత్తిళ్లకి, ఉయ్యాలకి ఏళ్ల తరబడి ఉతికిన నూలు చీరను మించింది లేదు. నాలుగైదు చీరలు పరిచి బొంత కుట్టించుకోవచ్చు. గోదావరి పల్లెల్లో బొంతలు కుట్టే ఆడవాళ్లు ఇంకా ఉన్నారు, పనిమనిషిని అడిగితే ఎవరో ఒకరిని చూపిస్తుంది. మధ్య పొరల్లో చిరిగినవి, పైకి కిందికి బాగున్నవి వేయమనండి. పాలిస్టర్ చీర ఒక్కటి కూడా కలవనివ్వకండి, జారిపోయి కుట్టు నిలవదు, చెమట పీల్చదు. పంచెలు, లుంగీలు, బనియన్లు మసిగుడ్డలకి, ఇల్లు తుడవడానికి. ఎక్కువుంటే బండ్లు బాగుచేసే షెడ్డుకి ఇవ్వండి, వాళ్లు ఆ గుడ్డలు డబ్బు పెట్టి కొనుక్కుంటారు. చిరిగిపోయిన సింథటిక్ బట్టలకి మాత్రం మంచి దారి లేదు. ఉన్నితో చేసినవి హర్యానాలోని పానిపట్ దాకా వెళ్లి మళ్లీ దారంగా, దుప్పట్లుగా మారతాయి. నూలు, పాలిస్టర్ కలిసిన గుడ్డను విడదీయడం చాలా కష్టం. వాటిని శుభ్రంగా మూటకట్టి పొడి చెత్తలో ఇవ్వండి.

పట్టుచీరల విషయంలో తొందరపడకండి. 'పాత పట్టుచీరలు కొంటాం' అని వచ్చేవాళ్లు చీర కోసం రారు, జరీ కోసం వస్తారు. అసలు జరీ అంటే పట్టు దారానికి వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత పూసింది. దాన్ని కాల్చి వెండి తీసుకుంటారు, చీర బూడిదవుతుంది. ఇప్పటి చీరల్లో చాలావాటికి రాగి తీగో, మెరిసే ప్లాస్టిక్ పొరో ఉంటుంది, దానికి ఏమీ రాదు. కాబట్టి అమ్మేదే అయితే తెలిసిన కంసాలి దగ్గర జరీ గీటు పెట్టించి చూడండి. నేనైతే కాల్చేవాళ్లకి ఇవ్వడానికి ఇష్టపడను. చీర మడతల దగ్గర చిట్లినా అంచు, పైట కొంగు బాగానే ఉంటాయి. అంచు విప్పి కొత్త పట్టు గుడ్డకి వేయించవచ్చు, చిన్నపిల్లకి పరికిణీ కుట్టించవచ్చు. అత్తగారి పెళ్లి చీర మనవరాలి పరికిణీ అయితే ఆవిడకి కూడా ఆ చీర వదులుకున్నట్టు ఉండదు.

ఇక అటక. ఇత్తడి, రాగి, కంచు సామాన్లు దింపగానే ముందు వేరుగా పెట్టండి. కంచు పళ్లాలకి పూత అక్కర్లేదు. ఇత్తడి, రాగి గిన్నెల్లో వండాలంటే లోపల కళాయి ఉండాలి, లేకపోతే చింతపండు పులుసు, పెరుగు తగిలి చిలుము ఎక్కుతుంది. కళాయి అంటే తగరం పూత. గిన్నెను కాల్చి, నవాసారం చల్లి, కరిగిన తగరాన్ని దూదితో లోపలంతా రుద్దుతారు. కళాయి వేసేవాళ్లు తగ్గిపోయారు కానీ పూర్తిగా పోలేదు, ఇత్తడి సామాన్ల కొట్ల దగ్గర అడిగితే చెప్తారు. తగరంలో సీసం కలపని మనిషి చేత వేయించండి, ఈ ఒక్క విషయం గట్టిగా అడగండి. వేయించాక ఖాళీ గిన్నెను మంట మీద పెట్టవద్దని ఇంట్లో అందరికీ చెప్పండి. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, పొడి గిన్నె ఆ వేడికి త్వరగా చేరుతుంది. మజ్జిగ చారుకీ పప్పుకీ రోజూ వాడుకునే రెండు మూడు గిన్నెలు హైదరాబాద్ తెచ్చుకోండి. వాటి మీద చెక్కించిన పేర్లూ తేదీలూ చూసి ఏవి తేవాలో అత్తగారినే తేల్చమనండి. ఆవిడ నాన్నగారు సారెలో పెట్టింది ఏదో, ఎవరి పెళ్లికి ఎవరిచ్చారో ఆవిడకే తెలుసు.

పెద్ద గుండిగలు, గంగాళాలు ఫ్లాట్లో పెట్టుకుని ఏం చేస్తారు? వాటికి అసలైన చోటు పెద్ద వంట జరిగే చోటే. ఊళ్లో గుడి అన్నదానం వాళ్లని, పెళ్లిళ్లకి వంట సామాన్లు అద్దెకిచ్చే వాళ్లని అడగండి. అక్కడ కుదరకపోతేనే ఇత్తడి కొట్టుకి. తుక్కు కొట్టుకి నేరుగా వేయకండి. పాత ఇత్తడి ఇచ్చి కొత్తది తీసుకుంటే తేడా, మజూరీ మాత్రం కట్టించుకునే కొట్లు ఉన్నాయి, గిన్నె బాగుంటే దాన్ని గిన్నెగానే అమ్ముతారు. సత్తు గిన్నెలు సొట్టలు పడి, లోపల గుంటలు గుంటలుగా తిన్నట్టుంటే వంటకి వాడకుండా తుక్కుకి ఇచ్చేయండి. అది అల్యూమినియం. ఖనిజం నుంచి తీయడానికి పట్టే శక్తిలో ఇరవయ్యో వంతుతోనే పాతది కరిగించి కొత్తది చేయవచ్చు. గీతలు పడిన నాన్‌స్టిక్ పెనాలు కూడా అక్కడికే, పనివాళ్లకి 'ఇంకా బాగానే ఉంది' అని ఇవ్వకండి.

పాత సామాన్ల కొట్టు గురించి లోపలి మాట ఒకటి చెప్తాను. అన్నీ కలిపి ఒకే గోనెలో ఇస్తే కొట్టువాడు అందులో అన్నిటికంటే చవకైన దాని ధర కడతాడు. అతన్ని తప్పు పట్టలేం, వేరు చేసే కూలి అతనిదే కదా. మీరే వేరు చేస్తే డబ్బూ వస్తుంది, అతని దగ్గర పనిచేసేవాళ్ల చేతులకి గాజుముక్క గుచ్చుకోదు. ఇనప కుళాయి గొట్టానికి ఉన్న ఇత్తడి కుళాయి విప్పండి. బీడు వేరు, రేకు వేరు. న్యూస్‌పేపర్లు మడత నలగకుండా కట్టలు కట్టండి, పొట్లాలకి కొనేవాళ్లు ఉంటారు కాబట్టి చిత్తు కాగితం కంటే ఎక్కువ ధర పలుకుతుంది. రాసిన నోటు పుస్తకాలు, పరీక్ష పేపర్లు చిత్తు కిందకి. పెళ్లి శుభలేఖల్లో మెరుపు కాగితం, ప్లాస్టిక్ పొర ఉన్నవి కాగితంలో కలపకండి. పాల ప్యాకెట్లు కడిగి ఆరబెట్టినవైతే చాలా కొట్లలో కొంటారు. ఒక చిన్న అలవాటు: ప్యాకెట్ మూల పూర్తిగా కత్తిరించకుండా వేలాడేలా వదిలేయండి, ఆ చిన్న ముక్కే ఎవరి చేతికీ దొరక్క కాలవల్లోకి పోతుంది.

డబ్బాల అడుగున అంకె చూడండి. 1, 2, 5 ఉన్నవి ఎక్కడైనా తీసుకుంటారు. 3 అంటే పీవీసీ, 6 అంటే పాలీస్టైరీన్, థర్మాకోల్ కూడా ఇదే, వీటిని తీసుకునేవాళ్లు తక్కువ. మెలమైన్ పళ్లాలు అసలు కరగవు, పగిలేదాకా వాడుకోవడమే. అంకె లేని, జిడ్డు వదలని పాత డబ్బాల్లో తినేవి పెట్టకండి, మేకులకీ, కుట్టు సామాన్లకీ సరిపోతాయి. చిప్స్ ప్యాకెట్లు పొరలు పొరలుగా ఉంటాయి, కొట్టులో ఎవరూ కొనరు. వాటిని పొడి చెత్తలో ఇస్తే వేరుచేసే కేంద్రం బాగా నడిచే ఊళ్లలో సిమెంటు ఫ్యాక్టరీల బట్టీల్లో ఇంధనంగా వాడతారు. ఆవకాయ జాడీలు మాత్రం ఎవరికీ ఇచ్చేయకండి, లోపలి గ్లేజు పగలకపోతే ఇంకో తరం వాడుకోవచ్చు.

కుట్టుమిషన్ మీద మీకు బెంగ అక్కర్లేదు. తొక్కుడు మిషన్ ఎంత పాతదైనా నూనె వేసి, బెల్టు మారిస్తే నడుస్తుంది. టైలరింగ్ నేర్చుకుంటున్న అమ్మాయి ఎవరైనా ఉన్నారేమో చుట్టుపక్కల అడగండి, ఇచ్చే ముందు మెకానిక్ చేత బాగు చేయించి ఇవ్వండి. ఫ్యాన్లు కాలిపోతే వైండింగ్ చేయించవచ్చు, కానీ లెక్క చూసుకోండి. పాత ఫ్యాను దాదాపు 75 వాట్లు తింటుంది, తక్కువ కరెంటుతో నడిచే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల లోపు, కాస్త అటూ ఇటూ. రోజుకి పన్నెండు గంటలు తిరిగే గదిలో నెలకి సుమారు 16 యూనిట్లు తేడా వస్తుంది. ఎప్పుడో ఒకసారి వాడే గదికి పాత ఫ్యాను చాలు.

ఫ్రిజ్ విషయంలో నా మాట కొంచెం కఠినంగా ఉంటుంది. ఇరవై ఏళ్ల నాటి ఫ్రిజ్ 'పనిచేస్తోంది కదా' అని పనమ్మాయికి ఇవ్వడం ఆమెకి నెల నెలా కరెంటు బిల్లు ఇవ్వడమే. మన దేశంలో స్టార్ రేటింగు 2006లో మొదలైంది, అంతకుముందు ఫ్రిజ్‌ల మీద ఆ గుర్తే ఉండేది కాదు. ఇచ్చేటట్టయితే ఈ సంగతి చెప్పి, ఆమెకి కావాలో వద్దో ఆమెనే అడగండి. తుక్కుకి ఇస్తే ఇంకో సమస్య. కొట్టులో కంప్రెసర్ కోసం గొట్టం కోసేస్తారు, లోపలి గ్యాసు గాలిలో కలుస్తుంది. బాగా పాతవాటిలో ఓజోన్ పొరను తినే ఆర్-12, తర్వాతి వాటిలో ఆర్-134ఏ ఉంటాయి. ఈ రెండోది ఒక కిలో వదిలితే వాతావరణాన్ని వేడెక్కించడంలో సుమారు 1,400 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఇంటి ఫ్రిజ్‌లో ఉండేది కొన్ని వందల గ్రాములలోపే అయినా, కోసి వదిలేయాల్సిన అవసరం ఏముంది? కొత్త ఫ్రిజ్ కొనేటట్టయితే, పాతదాన్ని ఎక్స్‌చేంజ్‌లో తీసుకుని రిజిస్టర్డ్ రీసైక్లర్‌కే పంపుతారా అని కొట్టులో అడగండి, రాతలో చూపించమనండి.

డబ్బా టీవీ కూడా అంతే. పిక్చర్ ట్యూబు గాజులో సీసం ఉంటుంది. వెనక మెడ దగ్గర రాగి తీగ చుట్టిన కాయిలు ఉంటుంది, దాని కోసం ట్యూబు పగలగొట్టి గాజు కాలవలో పోస్తారు. టీవీని విప్పకుండా మొత్తంగానే ఇవ్వాలి. ఈ-వ్యర్థాల కొత్త నిబంధనలు 2022లో వచ్చి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం తయారీ కంపెనీలే పాత సామాన్ల రీసైక్లింగ్ బాధ్యత తీసుకోవాలి. టీవీ కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకి చేసి దగ్గర్లో ఎక్కడ తీసుకుంటారో అడగండి. కాలుష్య నియంత్రణ మండలి గుర్తించిన రీసైక్లర్ల జాబితా కూడా ఉంటుంది. ఇంత పట్టింపు ఎందుకంటే, ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్‌లో ఇలాంటి సర్క్యూట్ బోర్డులు కాల్చి, యాసిడ్‌లో వేసి లోహాలు తీస్తుంటే ఆ బూడిద రామ్‌గంగా నది ఒడ్డున గుట్టలు పడింది. అక్కడ ఆ పని చేసేవాళ్లు మన పాత ఫోన్ల పొగ పీలుస్తున్నారు. ఫోన్లు, కంప్యూటర్లు ఇచ్చేముందు లోపలి ఫొటోలు, బ్యాంకు యాప్‌లు పూర్తిగా తుడిచేయండి.

ఇన్వర్టర్ బ్యాటరీని కొత్త బ్యాటరీ కొనే కొట్టులోనే ఇస్తే తగ్గింపు ఇస్తారు. యాసిడ్ ఒలకబోసి తేలిక చేయాలని చూడకండి. ఫోన్ బ్యాటరీలు, పవర్ బ్యాంకులు ఉబ్బినా ఉబ్బకపోయినా చెత్తలో కలపవద్దు, నలిగితే చెత్త బండిలోనే నిప్పు అంటుకుంటుంది. కొసలకి టేపు వేసి, ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకే ఇవ్వండి. ట్యూబ్‌లైట్లు, పాత థర్మామీటర్‌లో పాదరసం ఉంటుంది, పగలకుండా అట్టలో చుట్టండి. గ్యాస్ సిలిండరు, రెగ్యులేటరు మీవి కావు, గ్యాస్ కంపెనీవి. డిపాజిట్ కాగితం వెతికి ఏజెన్సీలో తిరిగి అప్పగించండి.

పుస్తకాలు తూకానికి వేసే ముందు ఒక్క సాయంత్రం కూర్చుని చూడండి. పాత తెలుగు పత్రికలు, సావనీర్లు, స్థానిక చరిత్రలు, చేతిరాత పుస్తకాలు ఉంటే వాటిని కాగితంగా చూడకండి. రాజమండ్రిలోనే గౌతమీ గ్రంథాలయం ఉంది, ముందు అక్కడ అడగండి. బాపట్ల జిల్లా వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనం పాత పత్రికలకి పెట్టింది పేరు. తాళపత్రాలు ఒక్క కట్ట కనిపించినా నూనె రాసి శుభ్రం చేయాలని చూడకుండా గుడ్డలో చుట్టి, తెలిసినవాళ్లకి చూపించండి. మామూలు నవలలు, పోటీ పరీక్షల పుస్తకాలు విజయవాడ లెనిన్ సెంటర్లోనో, హైదరాబాద్ కోఠిలోనో, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీదనో కొనేవాళ్లు ఉంటారు. పాత సిలబస్ గైడ్లు మాత్రం తూకానికే. పాత ఎక్స్‌రే ఫిల్ములు పారేయకండి, వాటిలో వెండి ఉంటుంది, వాటినే ప్రత్యేకంగా కొనేవాళ్లు ఉన్నారు. పేరు ఉన్న మూల కత్తిరించి ఇవ్వండి.

కొయ్య సామాను దగ్గరికి వద్దాం, ఇక్కడే మామగారితో మీకు వాదన. పట్టె మంచాలు టేకువైతే ఎట్టి పరిస్థితిలోనూ మంటలో వేయకూడదు. నవారు కొత్తది అల్లిస్తే ఇంకా యాభై ఏళ్లు ఉంటాయి. పాత కొయ్య కొనే వ్యాపారులు వస్తారు, మొదట వచ్చినవాడు చెప్పిన ధరకి ఇచ్చేయకుండా ఇద్దరు ముగ్గురిని పిలవండి. బంధువుల్లో ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు ఉంటే పాత టేకు తలుపులు, ద్వారబంధాలు వాళ్లకి బంగారం. ప్లైవుడ్ ఉబ్బినవి, పార్టికల్ బోర్డు బల్లలు బాగుపడవు, వాటిని విప్పి స్క్రూలు, బందులు, హ్యాండిళ్లు తీసుకుని మిగిలింది మున్సిపాలిటీకే ఇవ్వాలి.

భోగి మంట గురించి మామగారితో గౌరవంగానే మాట్లాడండి. ఆయన అడిగేది తప్పేమీ కాదు. పాతవి భోగి మంటలో వేయాలనే ఆచారం ఉన్నదే. ఆ ఆచారం నడిచిన రోజుల్లో ఇంట్లో పాతవంటే తాటాకు చాపలు, ఈత తట్టలు, అరిగిన చీపుళ్లు, పుచ్చిన కొయ్య, వెదురు చేటలు. అన్నీ చెట్టు నుంచి వచ్చినవే. ఇప్పుడు అటక మీద ఉన్నవి రెక్సిన్ సోఫా, ఫోమ్ పరుపు, ప్లాస్టిక్ చాప, ఫ్లెక్సీ బ్యానరు. ఫ్లెక్సీలు, రెక్సిన్ పీవీసీవి, కాలితే హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఆవిరి, డయాక్సిన్లు అనే విష పదార్థాలు వస్తాయి. ప్లైవుడ్ కాలితే దాన్ని అంటించిన రసాయన జిగురు కాలుతుంది. రంగు వేసిన పాత తలుపులు ఇంకా ప్రమాదం. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదనే నిబంధన 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది, అంతకుముందు వేసిన ఎనామిల్ పెయింట్లలో సీసం ఎంతైనా ఉండవచ్చు. ఆ తలుపు కాలిస్తే సీసం పొగలోనూ ఉంటుంది, బూడిదలోనూ ఉంటుంది. మంట చుట్టూ ముందు వరసలో నిలబడేది పిల్లలే కదండీ. బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయల జరిమానా వేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో ఆదేశించింది కూడా. అయితే మామగారికి నేను చెప్పమనేది జరిమానా సంగతి కాదు, పిల్లల సంగతి.

మంట మాత్రం వేయండి, బాగా వేయండి. రంగు, వార్నిషు లేని పుచ్చు కొయ్య, ఎండిన కొబ్బరి మట్టలు, తాటాకులు, పాత చీపుళ్లు (ప్లాస్టిక్ పిడి తీసేసి), విరిగిన వెదురు తట్టలు, పిడకల దండలు. మామగారికి ఆ కుప్ప ముందే వేరుగా పోగు చేసి చూపిస్తే ఆయనకి తృప్తి, మీకు గొడవ ఉండదు. ఆ ఒక్క కుప్ప తప్ప మరేదీ ఆ రోజు మంట దగ్గరికి రాకుండా మీరే చూసుకోవాలి. తెల్లవారుజామున చీకట్లో ఎవరో ఒకరు పాత టైరు తెచ్చి పడేస్తారు, వీధిలో కుర్రాళ్లకి ముందు రోజే చెప్పి పెట్టండి.

మందులు మిగిలాయి. గడువు దాటిన మాత్రల్ని సింకులో, టాయిలెట్లో పోయవద్దు, యాంటీబయాటిక్‌లు అయితే అసలే వద్దు. నీళ్లలో చేరి, ఆ మందుకి లొంగని క్రిములు పెరుగుతాయి. అట్టల్ని కత్తెరతో అడ్డంగా కోసి, మళ్లీ ఎవరూ అమ్మకుండా చేసి, విడి సంచిలో కట్టండి. అత్తగారి ఇన్సులిన్ సూదులు గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించండి. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల దగ్గర్నుంచి తడి, పొడి చెత్తతో కలపకుండా ఇలాంటి ప్రమాదకరమైన వాటిని వేరుగా ఇవ్వాలనే ఉంది. కాబట్టి బండి వచ్చినప్పుడు 'ఇందులో సూదులున్నాయి' అని నోటితో చెప్పి చేతికివ్వండి.

పండగ వారంలో చెత్త బండ్లు, తుక్కు కొట్లు రెండూ సరిగా తిరగవు. కాబట్టి టీవీ, ట్యూబ్‌లైట్లు, మందులు, ఫోమ్ పరుపులు భోగికి కనీసం పది రోజుల ముందే తేల్చేయండి. రాజమండ్రిలో మీ వార్డు సచివాలయంలో శానిటేషన్ కార్యదర్శి ఉంటారు. పెద్ద సామాన్లు, ఈ-వ్యర్థాలు ఏ రోజు, ఎక్కడ తీసుకుంటున్నారో మామగారిని ఈ వారమే వెళ్లి కనుక్కోమనండి. ఆ రోజు తెలిశాక ఇక్కడ రాయండి, దాన్నిబట్టి ఏది ముందు దింపాలో చెప్తాను.